బాటసారికి నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం తెల్లవారుజామున నేను డబ్బులూ నీళ్ల సీసా వెంట పెట్టుకోకుండా, దారిలో ఎవరేమిస్తే అదే తీసుకోవాలన్న నియమంతో నల్లగొండ నుంచి మునుగోడు మీదుగా చౌటుప్పల్ వరకు పరుగెత్తాను. (ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అన్నారు, కాదనను.) ఒక పత్తి చేను గట్టున కూలీలు తమ సద్ది విప్పి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మునుగోడు దాటాక ఒక ఇంటి ముందు బోరింగు కొట్టుకొని తాగబోతుంటే, లోపలి నుంచి ఒక అవ్వ గట్టిగా కేకేసి, "ఆ నీళ్లు తాగకు బిడ్డా, బొక్కలు వంగుతయి" అని నల్లా నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆమె నడుము అప్పటికే వంగిపోయి ఉంది. తాగే నీటిలో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రమాణం ఆమెకు తెలియకపోవచ్చు గానీ, మించితే ఏమవుతుందో ఆమె కంటే బాగా తెలిసినవారు తక్కువ.

ఆ అవ్వ అరుగు మీద లేని రోజు బాటసారికి ఆ మాట చెప్పేవారెవరు? మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో రోడ్డు పక్క బోరింగులన్నింటినీ పరీక్షించి, తాగదగనివాటికి ఎర్రరంగు వేసి, వేసవి చలివేంద్రాలను ఏడాది పొడవునా నడపాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగొండ