‘బోర్డు సర్టిఫైడ్’ అంటే అది కాదు

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ఒక అమెరికా డాక్టరుగారి గురించి ‘యూఎస్‌ఎంఎల్‌ఈ పాసై బోర్డు సర్టిఫైడ్ అయ్యారు’ అని రాశారు. ఇంటర్ పాసైనవాణ్ని ఇంజినీరు అన్నట్టుంది! ఆ పరీక్షలు అక్కడ వైద్యం చేయడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కోసం. బోర్డు సర్టిఫికెట్ వేరు: ఒక స్పెషాలిటీలో శిక్షణ, పరీక్ష పూర్తిచేసినవారికి ఆ స్పెషాలిటీ బోర్డు ఇచ్చేది. చట్టప్రకారం అది తప్పనిసరి కూడా కాదు, కానీ అది లేనివారిని తీసుకోవడానికి చాలా ఆసుపత్రులు వెనకాడతాయి.

జనరల్ మెడిసిన్‌నే చూడండి. గుర్తింపు పొందిన చోట 3 ఏళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషాలిటీ శిక్షణ), శిక్షణ ఇచ్చినవారి ధ్రువీకరణ, లైసెన్సు, ఆపైన ఒకరోజు పరీక్ష. గరిష్ఠంగా 240 ప్రశ్నలు. జనరల్ సర్జరీకి 5 ఏళ్లు, కనీసం 850 పెద్ద ఆపరేషన్లు, రాతపరీక్ష నెగ్గాక మౌఖిక పరీక్ష. గుండె స్పెషలిస్టు కావాలంటే మెడిసిన్ బోర్డు దాటి ఇంకో 3 ఏళ్లు. మన దగ్గర ఎండీ చేసి వెళ్లినవారు కూడా చాలావరకు మళ్లీ రెసిడెన్సీలో చేరాల్సిందే. అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ స్థాయి డిగ్రీ. ఈ గందరగోళం కూడా మీ వ్యాసంలో ఉంది.

పైగా ఆ సర్టిఫికెట్ ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోయేది కాదు. మెడిసిన్‌లో అయితే పదేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయాలి, లేదంటే 5 ఏళ్లపాటు మూడు నెలలకు 30 చొప్పున వచ్చే ప్రశ్నలకు జవాబులివ్వాలి. ‘బోర్డు ఎలిజిబుల్’ అంటే ఇంకా పాసు కాలేదని అర్థం. మెడిసిన్‌లో రెసిడెన్సీ ముగిశాక 7 ఏళ్లు దాటితే ఆ మాట కూడా వాడకూడదు. ఎవరి సర్టిఫికెట్ చెల్లుతుందో అమెరికన్ బోర్డ్ ఆఫ్ మెడికల్ స్పెషాలిటీస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మీ విలేకరికి అయిదు నిమిషాల పని.

మన దగ్గరి సంగతి ఇంకా కమ్మగా ఉంది. గుర్తింపు ఉన్న డిగ్రీలే పేరు పక్కన రాసుకోవాలని, ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని 2002 వైద్య నీతి నియమావళిలో స్పష్టంగా ఉంది. ఏ బజారుకైనా వెళ్లి నేమ్‌ప్లేట్లు చదవండి: ఎంబీబీఎస్ తర్వాత రెండు వరుసల ఇంగ్లిషు అక్షరాలు, వాటిలో వారాంతపు కోర్సులెన్నో ఆ రాసుకున్నవారికే తెలియాలి. పీజీ డిగ్రీని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించారో లేదో అడిగేవాడు లేడు. కౌన్సిళ్లకు ఫిర్యాదు అందితే గానీ కన్ను తెరుచుకోదు, తెరిచినా నోటీసుతో సరి. అదే సైన్‌బోర్డు మీద డాక్టరుగారి ఫోటో మాత్రం నిలువెత్తున!

ఇకనైనా ఏ బోర్డు, ఏ సంవత్సరం, గడువు ఎప్పటిదాకా అని అడిగి రాయండి. సవరణ వేస్తారేమో, పోయినసారిలా పెళ్లి సంబంధాల ప్రకటనల కింద కాకుండా అదే ఆరోగ్య పేజీలో వేయండి.

— ఒక వైద్యుడు, హనుమకొండ