2024–25 వార్షిక నివేదిక: పండుగలు, ప్రత్యేక దినాలు, డ్యూటీ చార్టు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఆటోనగర్ షెడ్లలో, బీసెంట్ రోడ్డు షాపుల్లో, సూర్యారావుపేట నర్సింగ్ హోముల్లో, గవర్నర్‌పేట ఆఫీసుల్లో పనిచేసేవాళ్లం కలిసి నడుపుకుంటున్న సంఘం మనది. పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక బాధ్యత అప్పగించారు. పనిచేసే చోట పండుగలకూ, వికలాంగుల దినాల్లాంటి వాటికీ దక్కుతున్న గౌరవం ఏపాటిదో చూసి, చేతనైనంత సరిచేయమన్నారు. ఏడాదంతా మా సమయం ఎక్కువగా దానికే పోయింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. వైద్య శిబిరం, పిల్లలకు నోటు పుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి.

ఈ ఆర్థిక సంవత్సరంలో ఓ విచిత్రం జరిగింది. రెండు ఉగాదులు, రెండు రంజాన్ పండుగలు ఇందులోనే పడ్డాయి. 2024 ఏప్రిల్ 9న క్రోధి ఉగాది వస్తే, 11న రంజాన్ వచ్చింది. మళ్లీ 2025 మార్చి 30న విశ్వావసు ఉగాది, ఆ మర్నాడే రంజాన్. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే సుమారు 11 రోజులు చిన్నది కావడంతో ఆ పండుగలు ఏటా ముందుకు జరుగుతూ ఉంటాయి. మొదటి జంటకు మేము ఏ సన్నాహమూ లేకుండా ఉన్నాం. రెండో జంట వచ్చేసరికి చేతిలో ఒక పట్టిక ఉంది. ఆ మధ్యలో జరిగిందే ఈ నివేదిక.

పట్టిక

మొదట అందరూ చేసే పనే చేశాం. గోడ క్యాలెండరు ముందేసుకుని పండుగల పేర్లు వరసగా రాశాం. పేర్లతో నోటీసు బోర్డు నిండింది గానీ ఎవరికీ ఒరిగిందేమీ లేదు. గుమ్మానికి తోరణం కట్టి, అందరికీ స్వీటు పంచి, పండుగ ఎవరిదో ఆ మనిషినే మధ్యాహ్నం షిఫ్టులో కూర్చోబెట్టే చోట్లు మనకు తెలియనివి కావు. అందుకే ప్రతి పండుగ పక్కనా మూడు గడులు గీశాం: ఆ రోజు సమయం కావలసింది ఎవరికి, ఎంతసేపు, వాళ్ల పని చూసేది ఎవరు. మూడో గడి నిండకపోతే ఆ పండుగను పట్టికలో చేర్చినట్టు లెక్క కాదని తీర్మానించుకున్నాం.

మతం అనే గడి మాత్రం పెట్టలేదు. పెట్టాల్సిందేనని ఇద్దరు ముగ్గురు సభ్యులు గట్టిగా పట్టుబట్టారు. లేకపోతే అందరూ అన్ని పండుగలకూ సెలవడుగుతారన్నది వాళ్ల వాదన. కార్యవర్గం ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడ చెప్పడం అవసరం. ఎస్సీ హోదాను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లు ఎన్నో, వాటిలో కాగితాల మీద వేరేగా నమోదైనవి ఎన్నో, ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ సంగతి తేల్చడం సంఘం పని కాదు, మేనేజరు పని అంతకన్నా కాదు. గుడ్ ఫ్రైడే సెలవు చీటీ మీద మతం రాయమంటే ఆ మనిషి సెలవే అడగడు. పండుగ నాడు తల వంచుకుని పనిలోకి వస్తాడు.

దీనికి ప్రభుత్వంలోనే దారి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు ఐచ్ఛిక సెలవుల జాబితాలోంచి ఏడాదికి ఐదు వరకు వాడుకోవచ్చు. అది తమ మతం పండుగే అయి ఉండాలన్న షరతు లేదు. ప్రైవేటులో ఆ వెసులుబాటు రాతలో లేదు కాబట్టి మనం ఓనర్లను అదనపు సెలవు అడగలేదు, డ్యూటీ మార్పిడి అడిగాం. అందరూ అన్నింటికీ అడుగుతారన్న భయం నిజం కాలేదు. మనవాళ్లు ఎవరి పండుగకు వాళ్లే అడిగారు. ఒకరిద్దరు కుర్రాళ్లు ఏ పండుగా లేని సోమవారం కోసం ప్రయత్నించారు, అది వేరే సంగతి.

మార్పిడి అన్నింటికన్నా బాగా కుదిరింది నర్సింగ్ హోముల్లో. డిసెంబరు 24 రాత్రి ఆరాధనకు వెళ్లాల్సిన సిస్టర్ల నైట్ డ్యూటీని మిగతావాళ్లు తీసుకున్నారు. దానికి బదులు భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఆ సిస్టర్లు వార్డులు చూసుకున్నారు, ఊళ్లకు వెళ్లేవాళ్లు నిశ్చింతగా వెళ్లారు. ఇది మేము కనిపెట్టింది కాదు. కొన్ని వార్డుల్లో వాళ్లలో వాళ్లు ఎప్పటినుంచో చేసుకుంటున్నదే. ఇప్పుడది చార్టులోకి ఎక్కింది, కాబట్టి హెడ్ సిస్టర్ మారినా ఏర్పాటు పోదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకు కూడా ఇదే పద్ధతి నడిచింది.

దసరా, దీక్షలు

దసరా నవరాత్రుల్లో వన్‌టౌన్ వైపు డ్యూటీ ఉన్నవాళ్ల తిప్పలు మీకు తెలుసు. మూలా నక్షత్రం రోజున అమ్మవారిని సరస్వతీ అలంకారంలో చూడటానికి వచ్చే జనంతో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల దారులన్నీ మళ్లిస్తారు. ఆ రోజు ఆలస్యంగా వచ్చారని హాజరు కోసే పద్ధతి ఒక షాపులో ఉండేది. మాట్లాడితే మానేశారు.

ఆటోనగర్‌లో ఆయుధ పూజ షెడ్డు మొత్తానికీ పండుగ. రించీలకు, జాకీలకు, లేత్ మిషన్లకు బొట్లు పెట్టి గుమ్మడికాయ కొడతారు. ఆ షెడ్లలో ముస్లిం మేస్త్రీలు, క్రైస్తవ కుర్రాళ్లు తరాలుగా పనిచేస్తున్నారు. చాలామంది మిషన్లు కడగడం దగ్గర్నుంచి అన్నింట్లో చేయి వేస్తారు, బొట్టు దగ్గర పక్కకు తప్పుకుంటారు. తప్పుకున్నవాణ్ని పిలిచి పిలిచి ఇబ్బంది పెట్టవద్దని మేస్త్రీలతో ఒక మాట అన్నాం. అంతకు మించి సంఘం కలగజేసుకోవాల్సిన అవసరం కనబడలేదు.

దీక్షల సంగతి మాత్రం చిక్కుగానే ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండల కాలం 41 రోజులు నల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా ఉంటారు. భవానీ మాల వేసుకున్నవారు ఎర్రబట్టల్లో ఉంటారు. కౌంటరు దగ్గర యూనిఫారం పట్టింపు వదులుకోమంటే షాపులవాళ్లు ఒప్పుకున్నారు, గడ్డం గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. వెల్డింగ్ రవ్వలు, ఇనప రజను మధ్య వట్టి కాళ్లతో తిరగడం మాత్రం వేరు. అక్కడ భక్తిని గౌరవిస్తున్నామంటూ కాళ్లను గాలికొదిలేయలేం. మాల వేసుకునే స్వాములు ముందుగా చెబితే ఆ 41 రోజులూ స్టోరుకో బిల్లింగుకో మార్చాలని, కూలి తగ్గించకూడదని అడిగాం. పెద్ద షెడ్లు ఒప్పుకున్నాయి. ముగ్గురు నలుగురే ఉండే చిన్న షెడ్లలో మార్చడానికి వేరే పనే ఉండదు. దానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు.

వరద, ఆ తర్వాత సైగలు

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగాయి. 7న వచ్చిన వినాయక చవితిని మన సభ్యుల్లో సగం ఇళ్లు బురద ఎత్తిపోసుకుంటూ గడిపాయి. సంఘం ఆ నెలకు అనుకున్న కార్యక్రమాలన్నీ ఆపేసి ఆ డబ్బు బియ్యానికి, పరుపులకు మళ్లించింది. దీన్ని మీరు ఆమోదించాల్సి ఉంది.

వరదలో ఒక సంగతి బయటపడింది. పడవల్లోంచి మైకులో చెప్పే మాటలు చెవిటి సభ్యులకు చేరలేదు. మేడమీద చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఎలా దింపాలో వచ్చినవాళ్లకు తెలియలేదు. ఇరుగుపొరుగు చూసుకున్నారు, అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఇప్పుడు ప్రతి పనిచోటా ఒక చిన్న కాగితం ఉంది: అగ్గి అంటుకున్నా, నీళ్లు వచ్చినా ఎవరికి మెసేజ్ పెట్టాలి, ఎవర్ని ఎవరు పట్టుకుని దింపాలి.

సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. ప్రపంచ బధిరుల సమాఖ్య 1951లో అదే తేదీన ఏర్పడింది. 2018 నుంచి ఐక్యరాజ్య సమితి ఆ రోజును పాటిస్తోంది. వరద వల్ల సభ పెట్టే స్థితి లేదు, నిజానికి అదే మేలయింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనిచేసే చెవిటి సభ్యుడొకరు ఆ వారంలో సాయంత్రాలు సూపర్‌వైజర్లకు పనికొచ్చే సైగలు నేర్పారు: ఆగు, వేడి, కరెంటు ఉంది, వెనక్కి జరుగు, జీతం ఎప్పుడు. చివరిది నేర్చుకోవడానికి ఓనర్లు అంత ఉత్సాహం చూపలేదని ఆయనే నవ్వుతూ సైగ చేశారు. అదే షెడ్డులో ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వచ్చేటప్పుడు హారన్‌తో పాటు తిరిగే లైటు కూడా పెట్టించాం. హారన్ వినబడని మనిషికి ఆ లైటే ప్రాణం.

డిసెంబరు 3

అంతర్జాతీయ వికలాంగుల దినాన్ని 1992లో ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. మన దగ్గర అది శాలువా, పూలదండ, ఫోటో, ఉపన్యాసంగా స్థిరపడింది. ఈసారి వేదిక వద్దన్నది మన వికలాంగ సభ్యుల ఉపసంఘమే. శాలువా కప్పించుకుని దిగడానికి ఆ వేదికకు మెట్లే తప్ప వేరే దారి ఉండదని వాళ్లు ఎత్తిపొడిచారు. ఆ రోజు వాళ్లే ముందు నడిచి, సభ్యులు పనిచేసే చోట్లన్నీ తిరిగి చూశారు.

చూసినవి ఇవి. ర్యాంపులు ఉన్నాయి గానీ నిటారుగా ఉన్నాయి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం, మూడు నాలుగు అడుగుల్లో తేల్చేశారు. ఒకచోట ర్యాంపు నేరుగా ఎప్పుడూ తాళం వేసి ఉండే షట్టర్‌కు వెళుతుంది. వికలాంగుల టాయిలెట్ అని బోర్డు ఉన్న గదిలో పాత కంప్యూటర్ల అట్టపెట్టెలు ఉన్నాయి. లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో చెప్పే గొంతు లేదు. మూడు చక్రాల స్కూటీ నిలిపే చోట ఓనరు గారి కారు ఉంది. కారు మర్నాడే జరిగింది, అట్టపెట్టెలు వారంలో ఖాళీ అయ్యాయి. ర్యాంపులకు డబ్బు కావాలి. రెండు చోట్ల వేశారు, మిగతా చోట్ల చూద్దామన్నారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను ఏడు నుంచి 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జుతనం, చదవడం రాయడంలో ఇబ్బందులు అందులోకి వచ్చాయి. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ గురించి అందరికీ తెలుసు. ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని, 20 మంది, అంతకు మించి ఉన్నచోట వికలాంగులకు ఇచ్చే సౌకర్యాల వివరాలు అందులో ఉండాలని నిబంధన ఉన్నట్టు చాలామంది ఓనర్లకు తెలియదు. నమూనా తెలుగులో రాసి ఇచ్చాం. తీసుకున్నవారు ఎక్కువే, గోడకు అంటించినవారు తక్కువ.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల కోసం తిరుగుతున్న సభ్యులకు స్లాటు బుకింగులో సాయం కొనసాగుతోంది. అక్టోబరు 10, మానసిక ఆరోగ్య దినం, నవరాత్రుల హడావుడిలో కొట్టుకుపోయింది. అది ఒక్కటే కారణం కాదు. నలుగురి ముందు ఆ మాట ఎత్తడానికి మనలో ఎవరూ సిద్ధంగా లేరు.

మార్చి నెలాఖరు

రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగుల్ని గంట ముందు వెళ్లనివ్వడం ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్నదే. మన షాపుల్లో సాయంత్రమే గిరాకీ, కాబట్టి అది కుదరదన్నారు. ఇఫ్తార్‌కు అరగంట విడుపు, బదులుగా పొద్దున్నే తెరిచే పని అన్న ఒప్పందానికి వచ్చాం. తెల్లవారుజామున సహరీకి లేచేవారికి పొద్దుటి పని ఎటూ నయమే.

అసలు పరీక్ష నెలాఖరున వచ్చింది. మార్చి 30 ఆదివారం ఉగాది. ఆ సాయంత్రం నెలవంక కనబడితే సోమవారం రంజాన్, లేకపోతే మంగళవారం. సోమవారం చూస్తే మార్చి 31, లెక్కలు ముగించే రోజు. ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకుల్ని ఆ రోజు తెరిచే ఉంచమని రిజర్వు బ్యాంకు చెప్పింది. గవర్నర్‌పేట అకౌంట్స్ ఆఫీసుల్లో అది ఎవరికీ సెలవు దొరకని రోజు. పట్టికలో ఆ వారానికి రెండు చార్టులు రాశాం, నెలవంక కనబడితే ఒకటి, కనబడకపోతే ఒకటి. ముస్లిం సభ్యులు ఉగాది ఆదివారం వచ్చి తమ ఫైళ్లు ముగించారు. వాళ్లకు టేబుల్ దగ్గరికే ఉగాది పచ్చడి వచ్చింది, ఉపవాసం కాబట్టి గిన్నె మూత పెట్టి మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) దాకా ఆగింది. ఆ రాత్రి నెలవంక కనబడింది. సోమవారం మిగతావాళ్లు పొద్దుపోయేదాకా కూర్చుని చలాన్లు కట్టారు.

వచ్చే ఏడాదికి

ఈసారి విజయదశమి అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వస్తోంది. రెండు సెలవులు ఒక్కటైపోతాయి కాబట్టి బదులు రోజు అడగాలా వద్దా అన్నది సమావేశంలో తేల్చాలి. కార్యవర్గంలో అభిప్రాయ భేదం ఉంది. సంజ్ఞా భాషల దినం నవరాత్రుల రెండో రోజున పడుతోంది, సైగల తరగతులు వారం ముందుకు జరపాలన్నది ఉపసంఘం కోరిక. చిన్న షెడ్లలో దీక్షల సమస్యకు, పక్కపక్క షెడ్లు మనుషుల్ని మార్చుకోవచ్చని ఒక మేస్త్రీ గారు సూచించారు. దానికి ఓనర్లు కూర్చుని మాట్లాడుకోవాలి.

కొత్త పట్టిక చిత్తుప్రతి ఈ నివేదికతో పాటు జత చేశాం. మీకు కావలసిన రోజు అందులో లేకపోతే ఆ రోజు, ఎంతసేపు కావాలో రాసి సమావేశంలోపు ఇవ్వండి. కారణం రాయనక్కర్లేదు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి, విజయవాడ