మీ ఫొటోలు పోలేదు, పేర్లే పాడయ్యాయి: పర్లాకిమిడి షాపు నుంచి

మా షాపులో మాఘమాసం ముహూర్తాల పెళ్లి ఆల్బమ్‌లు కొన్ని ఆలస్యమవుతున్నాయి. "మా ఫొటోలు పోయాయా?" అని పాతపట్నం నుంచీ కాశీనగర్ నుంచీ ఫోన్ల మీద ఫోన్లు. పోలేదండీ. టెన్షన్ పడకండి. పాడైంది ఫైళ్ల పేర్లే. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ టెక్నికల్ గొడవ మాకెందుకు అనుకునేవాళ్లు చివరి పేరా చూసుకుంటే చాలు.

మీరిచ్చిన పెన్‌డ్రైవులు, జిప్ ఫైళ్లు ముందు మా స్టోరేజ్ బాక్సులోకి ఎక్కుతాయి. అందులో నడిచేది లైనక్స్, విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్. డిజైన్ చేసే కుర్రాళ్లవి విండోస్ మెషీన్లు. రెంటికీ మధ్య, బాక్సులోని ఫైళ్లను విండోస్‌కి చూపించే సాంబా అనే ప్రోగ్రాము ఉంటుంది (సాంబారు కాదు, సాంబాయే). లైనక్స్ లెక్కలో ఫైలు పేరంటే ఉత్త బైట్ల (కంప్యూటర్ దాచుకునే చిన్న అంకెల) వరస. వాలుగీత, సున్నా బైటు లేకపోతే చాలు, ఏ చెత్త ఇచ్చినా పుచ్చుకుంటుంది. విండోస్‌కి మాత్రం పేరు యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో నంబరు ఇచ్చిన పద్ధతిలో కావాలి. సాంబా ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదివి, యూటీఎఫ్-16లోకి మార్చి అందిస్తుంది (రెండూ యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే తీరులే). చదవడానికి కుదరని బైటు తగిలిందంటే ఆ పేరు అవతలికి సరిగ్గా చేరదు. ఫైలు జాబితాలో కనపడదు, లేదా కనపడినా తెరవబోతే దొరకలేదంటుంది. ఫోల్డరు పేరుకే ఆ గతి పడితే లోపలున్న ఫొటోలన్నీ మాయం. బాక్సులో చూస్తే అన్నీ ఉంటాయి, మెషీన్‌లో చూస్తే ఏమీ ఉండవు.

తెలుగు పేర్ల వల్లే ఇదంతా అన్నారు కొందరు. చిత్రమేమిటంటే ముందు దొరికిపోయింది 'సిస్టర్స్ వెడ్డింగ్' అని శుభ్రంగా ఇంగ్లీషులో ఉన్న ఫోల్డరు! 'సిస్టర్స్' చివరి ఎస్‌కి ముందున్న వంకర కామా (అపాస్ట్రఫీ) పాత విండోస్ పద్ధతిలో ఒకే బైటు, కంప్యూటర్ల పదహారు అంకెల లెక్క హెక్స్‌లో 92. యూటీఎఫ్-8లో 92 అనే బైటు ఒక అక్షరం మధ్యలోనో చివరో రావాలి గానీ మొదట రాకూడదు. ఆ ఒక్క కామా పెళ్లి మొత్తాన్నీ దాచేసింది.

తెలుగు పేర్లు పాడైన తీరు వేరు. జిప్ ఫైళ్లలో పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే గుర్తు 2006లో గానీ రాలేదు. ఆ గుర్తు పెట్టని ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. విప్పేచోట లెక్క తప్పితే తెలుగు కాస్తా పిచ్చి గీతలవుతుంది. పాత విండోస్ పద్ధతిలో చదివితే నెత్తిన గీతున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు వరసగా వస్తుంటాయి. అదే ఒడియా పేరైతే డిగ్రీ గుర్తు చోట చిన్న కొక్కెం లాంటిది ఎక్కువగా కనిపిస్తుంది. మా కుర్రాళ్లు ఇప్పుడు చూడగానే ఇది తెలుగు, ఇది ఒడియా అని చెప్పేస్తున్నారు. ఇలాంటివి తిరగేసి బాగు చేయొచ్చు.

పొడుగు పేర్లు ఇంకో తలనొప్పి. మా బాక్సులో పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో గుడి, పొల్లు కూడా విడివిడిగా 3 బైట్లు తింటాయి, 'శ్రీ' ఒక్కటే 12. శుభలేఖ మొత్తం ఫోల్డరు పేరుగా పెడితే కొన్ని ప్రోగ్రాములు అక్షరం మధ్యలో కోసేస్తాయి. ఆ తెగిన ముక్క మళ్లీ చదవడానికి కుదరని బైటే.

"పేర్లు ఇంగ్లీషులోనే పెట్టండి" అని బోర్డు పెట్టమని సలహా ఇచ్చారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్న ఊళ్లో ఆ బోర్డు నేను పెట్టలేను. సవరల సొంత లిపి సోరా సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చేరింది. అక్షరానికి 4 బైట్లు. ఆ పేర్లతో ఫైళ్లు తెచ్చినా తీసుకుంటాం.

బాగు చేయడానికి కన్‌వమ్‌వీ అనే ప్రోగ్రాము వాడుతున్నాం. చెప్పకుండా ఏదీ మార్చదు, ఏ పేరు ఏమవుతుందో ముందు చూపిస్తుంది. మేం డిస్కు మొత్తం వేరే డిస్కుకి కాపీ తీసి, పాత పేర్ల జాబితా దాచుకుని, ఆ తర్వాతే మొదలుపెట్టాం. పని నెమ్మదిగా సాగుతోంది. అన్ని పేర్లూ ఒకే తీరున పాడవలేదు కదా, ఒక్కో ఫోల్డరూ కళ్లతో చూడాల్సిందే.

ఇక తేలనివి ప్రశ్న గుర్తులుగానో అడుగు గీతలుగానో మారిపోయిన పేర్లు. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాము చేతిలో పడితే అక్షరాలు అక్కడితో సరి, ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. లోపలి ఫొటోకి ఏమీ కాలేదు, కెమెరా వేసిన తేదీ, టైమూ అందులోనే ఉన్నాయి. వాటిని బట్టి హల్దీ, పెళ్లి, రిసెప్షన్ వేరు చేస్తున్నాం గానీ మీ చుట్టాల పేర్లు మాకెలా తెలుస్తాయి?

పేర్లు ప్రశ్న గుర్తులుగానో అడుగు గీతలుగానో మారిపోయిన ఫోల్డర్లున్న వాళ్లకు మేమే ఫోన్ చేస్తాం. బిల్లు పట్టుకుని ఒక్కసారి షాపుకి వచ్చి, పక్కన కూర్చుని ఎవరెవరో చెబితే ఆ పూటే పేర్లు పెట్టేస్తాం. మిగతావాళ్లు రానక్కర్లేదు, ఫొటోలు మళ్లీ పంపనక్కర్లేదు. పెన్‌డ్రైవులో ఒరిజినల్స్ ఉంటే మాత్రం ఆల్బమ్ చేతికొచ్చేదాకా చెరపకండి. కొత్తగా ఇచ్చేవాళ్లు ఫోల్డరు పేరులో ముహూర్తం టైము రాసేటప్పుడు మధ్యలో రెండు చుక్కలు పెట్టకండి, విండోస్ ఒప్పుకోదు. 9-30 అని రాస్తే సరిపోతుంది.