మోడెం కొనేముందు ఇది చదువు తమ్మీ

జెర్సీ సిటీ,
18 మే 2002

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. నాయినకు మోకాళ్ల నొప్పి తగ్గిందని చదివాక నా టెన్షన్ కూడా తగ్గింది. ఇగ ఫోన్ లైన్‌తో కంప్యూటర్‌ను నెట్‌కు కలిపే మోడెం కొంటానన్నావు గదా, దాని సంగతి. నల్గొండలో దుకాణాయన చవకగా ఇస్తానన్న, కంప్యూటర్ లోపల బిగించే కార్డు మోడెం మాత్రం కొనకు. విండోస్ 98లో అది మంచిగనే నడుస్తుంది, కానీ నువ్వు ఎంసీఏ చదువుకోసం అదే కంప్యూటర్‌లో లైనక్స్ కూడా ఎక్కించుకున్నావు గదా, అక్కడ దానికి నోరు పెగలకపోవచ్చు. ఆ చవక కార్డుల్లో చాలావాటిలో ఉండేది సగం మోడెమే, మిగతా సగం పని డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మన ప్రాసెసర్‌తో చేయిస్తుంది, ఆ డ్రైవరేమో విండోస్‌కే రాసి ఉంటుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ అట్లాంటిదే కొని రెండు వారాలు డ్రైవర్ కోసం వెతికి వెతికి ఏడ్చినంత పనైంది.

సీరియల్ కేబుల్‌తో తగిలించే బయటి మోడెం తీసుకో. పైసలు ఎక్కువే అయితాయి, అయినా అదే తీసుకో. దాని పనంతా అదే చేసుకుంటుంది, కంప్యూటర్ ఏటీ అనే అక్షరాలతో మొదలయ్యే కమాండ్లు పంపితే చాలు. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెంతో వచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తున్నది, అందుకే దానికి విండోసైనా లైనక్సైనా ఒకటే. విండోస్‌లో కామ్ 1 అనే సీరియల్ పోర్టే లైనక్స్‌లో టీటీవైఎస్ 0. లైనక్స్‌లో మోడెంతో మాట్లాడే మినికామ్ ప్రోగ్రాం తెరిచి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కు, ఓకే అని వస్తే మోడెం నీ మాట విన్నట్టే. యూఎస్‌బీవి కూడా బయటి మోడెంలే అని దుకాణంలో అంటారు, వాటిలో కొన్నిటికి మళ్లీ విండోస్ డ్రైవరే కావాలి, జర చూసుకో. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి నాలుగు దుకాణాలు అడుగు, లైనక్స్‌లో నడవకపోతే వాపస్ తీసుకుంటారా అని ముందే మాట్లాడుకో. వేగానికి వి.90 అనే 56కె ప్రమాణం ఉంటే చాలు.

ఇక్కడినుంచి పంపుదామనుకున్నా గానీ ఇక్కడి అడాప్టర్ 120 వోల్టులది, మన 230కి పెడితే కాలిపోతుంది.

తొలకరి వానలు దగ్గరికొచ్చాయి, ఉరిమితే కరెంటు ప్లగ్గుతోపాటు ఫోన్ వైరు కూడా పీకెయ్యి, పిడుగు ఆ తీగమీద కూడా వస్తది. ఇంకోటి, నువ్వు నెట్‌లో ఉంటే ఫోన్ ఎంగేజ్ వస్తుంది. పోయిన వారం అమ్మతో మాట్లాడదామని గంటసేపు కొట్టినా కలవలేదు, ఎవరికేమైందోనని నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చేస్తా, ఆ టైముకు లైన్ ఖాళీగా ఉంచు, అమ్మను ఫోన్ దగ్గరే కూర్చోమను.

మీ అక్క