లండన్ ఒక్కటే చూసి వచ్చేయకండి, బ్రిస్టల్ కూడా వెళ్లండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో ఇంగ్లండ్ గురించి ఎప్పుడు రాసినా లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్, టవర్ బ్రిడ్జి... ఇవే. పిల్లల దగ్గరికి వెళ్లే మనవాళ్లు కూడా అవే చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు. లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటలు కూడా పట్టదు, బ్రిస్టల్ వెళ్లిపోవచ్చు. పాత ఓడరేవు ఊరు. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తుండటం వల్ల నాకు ఆ ఊరు బాగా తెలిసింది. అక్కడ రాజా రామ్మోహన్ రాయ్ గారి సమాధి ఉంది. ఈ మాట చెబితే ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగువాళ్లు సైతం "అవునా, నిజమా?" అంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

నేను సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సతీసహగమనాన్ని 1829లో నిషేధించారని, దానికోసం రామ్మోహన్ రాయ్ పోరాడారని క్లాసులో చెప్పి పరీక్షలో ప్రశ్న ఇచ్చి వదిలేస్తాం. ఆ తర్వాత కథ పెద్దగా చెప్పం. ఆ నిషేధాన్ని ఎత్తేయాలని మన దేశంలోనే కొందరు పెద్దమనుషులు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన అప్పీళ్లకి అదే ఆఖరి మెట్టు) దాకా వెళితే, 1832లో అక్కడ వాళ్ల అప్పీలు కొట్టేశారు, అప్పటికి రామ్మోహన్ రాయ్ ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. మొగల్ చక్రవర్తి రెండో అక్బర్ ఆయనకి 'రాజా' బిరుదు ఇచ్చి, తన భరణం సంగతి మాట్లాడమని దూతగా పంపాడు. 1833 సెప్టెంబర్‌లో స్నేహితుల పిలుపు మీద బ్రిస్టల్ వెళ్లారు, అక్కడే జబ్బు చేసి అదే నెల 27న కన్నుమూశారు. ముందు ఊరి శివార్లలో స్టేపుల్టన్ అనే చోట, ఆయన దిగిన ఇంటి తోటలోనే పూడ్చిపెట్టారు. పదేళ్ల తర్వాత, 1843లో, రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారు ద్వారకానాథ్ ఠాగూర్ డబ్బు పెట్టి ఆర్నోస్ వేల్ శ్మశానంలో సమాధి కట్టించి అక్కడికి మార్పించారు.

ఈ ఆర్నోస్ వేల్ శ్మశానం బ్రిస్టల్ రైల్వే స్టేషన్‌కి దగ్గరే, లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. చుట్టూ అన్నీ శిలువలు, దేవదూతల బొమ్మలు ఉన్న ఇంగ్లిష్ సమాధులు. వాటి మధ్య స్తంభాల మీద నిలబెట్టిన రాతి ఛత్రి, అచ్చం మన ఉత్తరాది మండపంలా ఉంటుంది, కింద రాతి మీద ఆయన గురించి ఇంగ్లిష్‌లో చెక్కారు. ఏటా సెప్టెంబర్‌లో వర్ధంతికి అక్కడ చేరి నివాళులర్పించేవాళ్లున్నారు. ఊరి నడిబొడ్డున కాలేజ్ గ్రీన్ దగ్గర తలపాగాతో ఆయన నిలువెత్తు విగ్రహం కూడా ఉంది, 1997లో పెట్టారు. మా రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించారంటే దాని వెనక బ్రహ్మసమాజం ఆలోచనలున్నాయి, ఆ సమాజానికి ఆద్యుడు ఈయనే కదా. ఆయన్ని బెంగాలీల మనిషి అనుకుని ఊరుకోవడం మనకి న్యాయం కాదు.

దీనికి తోకగా రెడ్ లాడ్జ్ అనే ఇల్లు చూడాలి. 1580 ప్రాంతంలో కట్టిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. పైన ఒక గది ఉంది, గోడలు మొత్తం ఓక్ చెక్క, చెక్కినచోట చెయ్యి పెట్టాలనిపిస్తుంది. చివరి రోజుల్లో రామ్మోహన్ రాయ్‌ని దగ్గర నుంచి చూసిన మేరీ కార్పెంటర్ అనే ఆవిడ 1854లో ఈ ఇంట్లోనే, నేరాల్లో చిక్కుకున్న ఆడపిల్లల కోసం బడి పెట్టారు. తర్వాత 1866లో మన దేశం వచ్చి, ఆడపిల్లల చదువుకి మహిళా టీచర్లు కావాలి, వాళ్లకి ట్రైనింగ్ స్కూళ్లు పెట్టండి అని ప్రభుత్వాన్ని అడిగారు. టీచరమ్మగా బతికిన నాలాంటి వాళ్లం ఆ గదిలో ఊరికే తిరిగి రాలేం.

ఇక ఈ ఊరి అసలు సంగతి. బ్రిస్టల్ అందమంతా చాలావరకు బానిసల వ్యాపారం డబ్బుతో వచ్చింది. ఇక్కడి ఓడలు సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్లను పట్టుకెళ్లి అమ్మాయని లెక్క. గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో జార్జియన్ హౌస్ అని ఒక మ్యూజియం ఉంది, జాన్ పిన్నీ అనే చక్కెర వ్యాపారి ఇల్లు, 1790 ప్రాంతంలో కట్టించాడు. పింగాణీ కప్పులు, రాత బల్ల, కింద వంటిల్లు, అయ్యగారు చన్నీళ్లలో మునగడానికి నేలమాళిగలో రాతి తొట్టి, అన్నీ అలాగే ఉంచారు. దాంతోపాటే పెరో అనే అతని గురించీ చెబుతారు. వెస్టిండీస్‌లోని నెవిస్ దీవిలో పిన్నీ అతన్ని పన్నెండేళ్ల వయసులో ఇద్దరు అక్కచెల్లెళ్లతో కలిపి కొన్నాడు, తర్వాత నౌకరుగా బ్రిస్టల్ తెచ్చుకున్నాడు. 1999లో రేవు మీద కట్టిన కాలినడక వంతెనకి పెరో పేరే పెట్టారు. యజమాని పేరు కాదు, నౌకరు పేరు!

2020 జూన్ 7న జనం ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని పడదోసి, ఈడ్చుకెళ్లి నీళ్లలో పడేసింది కూడా ఆ వంతెన దగ్గరే. కోల్‌స్టన్ బానిసల వ్యాపారం చేసిన కంపెనీలో పెద్ద మనిషి, బడులకీ ఆసుపత్రులకీ దానాలిచ్చాడని 1895లో విగ్రహం పెట్టారు. నీళ్లలోంచి తీసిన ఆ విగ్రహాన్ని తుడిచి మళ్లీ నిలబెట్టలేదు, అలాగని దాచేయనూ లేదు. ఎం షెడ్ అనే మ్యూజియంలో పడుకోబెట్టే ఉంచారు, ఆ రోజు జనం పూసిన ఎరుపు, నీలం రంగులు మీద అలాగే ఉన్నాయి. సెలవుల్లో సరదాగా తిరగడానికి వెళ్లి ఈ బాధలన్నీ చూడటం ఎందుకండీ అని మా బంధువులు కొందరన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. భవనం చూపించి, అది ఎవరి చెమటతో లేచిందో చెప్పకపోతే పిల్లలకి ఏం చూపించినట్టు? ఎం షెడ్‌కి టికెట్ కూడా లేదు.

చర్చిల్లో సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ తప్పకుండా చూడాలి, శిఖరం 292 అడుగులు. ఆవరణలో గడ్డిలో ఒక ట్రామ్ పట్టా ముక్క ఏటవాలుగా దిగబడి ఉంటుంది. 1941లో జర్మన్ బాంబు పడి, పక్క వీధిలోని పట్టా ఇళ్ల మీదుగా ఎగిరొచ్చి అక్కడ గుచ్చుకుంది, పీకేయకుండా అలాగే వదిలేశారు. చర్చి ఎంత తృటిలో తప్పించుకుందో అది చూస్తే తెలుస్తుంది. బ్రాడ్‌మీడ్ షాపుల మధ్య న్యూ రూమ్ అని చిన్న ప్రార్థనా మందిరం ఉంది, మెథడిస్టు అనే క్రైస్తవ శాఖకి ఆద్యుడైన జాన్ వెస్లీ 1739లో కట్టించింది, ప్రపంచంలో మెథడిస్టులకి ఇదే మొదటిది. బానిసల వ్యాపారులున్న ఊళ్లోనే, ఈ మందిరంలోనే, 1788లో ఆయన ఆ వ్యాపారం తప్పని ప్రసంగించారు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ మెదక్ చర్చి కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించిన మిషనరీ పాస్నెట్ గారు ఈ వెస్లీ సంప్రదాయం వారే. మెదక్ వైపు వాళ్లు ఇక్కడికి వెళితే వాళ్ల ఊరి చర్చికి మొదలు ఎక్కడో చూసినట్టే. పెద్ద కెథడ్రల్ కూడా బాగుంటుంది, ఓపిక ఉంటే చూడండి.

పిల్లలు వెంట ఉంటే బ్రునెల్ అనే ఇంజనీర్ కట్టిన ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ ఓడ వదలకండి. 1843లో నీళ్లలోకి దిగింది, ఫాక్‌లాండ్ దీవుల్లో పాడుబడి ఉంటే 1970లో లాక్కొచ్చి, పుట్టిన డాక్‌లోనే మళ్లీ పెట్టారు. ఓడ చుట్టూ అద్దం పరిచి దాని మీద నీళ్లు పోశారు, పైనుంచి సముద్రంలా ఉంటుంది, కిందికి దిగితే తుప్పు పట్టిన అడుగుభాగం చుట్టూ నడవొచ్చు. దీనికి టికెట్ ధర ఎక్కువే.

రెడ్ లాడ్జ్, జార్జియన్ హౌస్ చలికాలంలో మూసేస్తారు, కాబట్టి వేసవిలో వెళ్లేవాళ్లకే అన్నీ కుదురుతాయి, అది కూడా ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోవాలి. రెండు రోజులు పెట్టుకుంటే టెన్షన్ లేకుండా తిరగొచ్చు.

ఎడిటర్ గారూ, మీకు నా మనవి ఒక్కటే. వచ్చే సెప్టెంబర్ 27 లోపల బ్రిస్టల్ మీద ఒక పూర్తి పేజీ వేయండి, ఆర్నోస్ వేల్‌కి ఎలా వెళ్లాలో మ్యాపుతో సహా. ఇంగ్లండ్‌లో తెలుగు సంఘాల వాళ్లు పిక్నిక్‌లకి బస్సులు మాట్లాడుతుంటారు, వాళ్లు కూడా ఈసారి ఒక బస్సు అక్కడికి తిప్పాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం