అంచనా కంటే ముందు రిపోర్టు

సంపాదకులకు నమస్కారం.

పిత్తాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లు ఎంతకాలం బతుకుతారో కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుందన్న కథనం మీ ఆరోగ్యం పేజీలో చదివాను. ఆ లెక్కలు తప్పని నేను అనను. అయితే వాటికి కావలసిన వివరాలు చాలావరకు పుట్టేది పాథాలజీ బల్ల మీద, అంటే ఆపరేషన్‌లో తీసిన భాగాలను కోసి పరీక్షించే చోట. అక్కడ వదిలేసిన వివరాన్ని ఏ కంప్యూటరూ పూరించలేదు. ఏళ్ల తరబడి ఆ బల్ల దగ్గరే పనిచేస్తున్నదాన్ని కనుక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఈ క్యాన్సర్ చాలామందిలో అనుకోకుండా బయటపడుతుంది. రాళ్లున్నాయని తీసిన పిత్తాశయం ఫార్మలిన్ డబ్బాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని నిలువునా కోసి, పసరు కడిగి, లోపలి పొరను వేలితో తడుముతాను. బాగున్నచోట మఖమల్ గుడ్డలా మెత్తగా తగులుతుంది. ఎప్పుడో ఒకసారి ఒకచోట గోడ దళసరిగా, గట్టిగా, తెల్లగా ఉంటుంది. అలాంటప్పుడు ఒకటి రెండు ముక్కలు తీసి సరిపెట్టకూడదు. ఆ మేరంతా మైక్రోస్కోపు కింద చూడాలి. గోడ మందమే కొద్ది మిల్లీమీటర్లు. అందులో క్యాన్సర్ ఎంత లోతుకు దిగిందన్నదాని మీద తర్వాతి కథంతా ఆధారపడుతుంది. కండరపు పొరను చేరకపోతే పిత్తాశయం తీసేయడమే చాలు, దాదాపు అందరికీ నయమవుతుంది. కండరంలోకి దిగితే, దాన్ని దాటితే, రెండో ఆపరేషన్ చేసి పిత్తాశయానికి ఆనుకున్న కాలేయ భాగాన్ని, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులను తీయాలా అన్నది వెంటనే ఆలోచించాలి.

ఎటువైపు దిగిందన్నదీ ముఖ్యమే. క్యాన్సర్ ఏ దశలో ఉందో తేల్చడానికి వైద్యులు వాడే స్టేజింగ్ పద్ధతి ఎనిమిదో కూర్పు 2018లో అమల్లోకి వచ్చింది. అది, కండరం దాటిన గడ్డ కాలేయం వైపు ఉందా, రెండో వైపు ఉందా అన్నదాన్ని బట్టి ఆ దశను రెండుగా విడదీసింది. గడ్డ కాలేయం వైపు ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికే అవకాశం తక్కువగా ఉంటోంది కనుకనే అలా చేశారు. ఇంటివాళ్లకు రాళ్లు చూపించడానికి పిత్తాశయాన్ని థియేటర్‌లోనే అడ్డదిడ్డంగా కోసి పంపితే ఏది ఎటువైపో మేము ఎలా చెప్పగలం?

ఈమధ్య ఒక అబ్బాయి వేరేచోట ఇచ్చిన తన తల్లి రిపోర్టు పట్టుకుని వచ్చాడు. ఫోనులో ఏదో లెక్క వేసి, అయిదేళ్లు బతికే అవకాశం బాగానే ఉందని వచ్చిన శాతం చూపించాడు. రిపోర్టులో ‘లింఫు గ్రంథుల్లో క్యాన్సర్ లేదు’ అని ఉంది. చూసింది ఒక్క గ్రంథి. కనీసం ఆరు చూడాలని అదే స్టేజింగ్ పద్ధతి చెబుతోంది. ఒక్కటి చూసి లేదనడం, ఆరు చూసి లేదనడం లెక్కలో ఒకే సున్నాగా పడతాయి. క్యాన్సర్ నరాల చుట్టూ పాకిందా అన్న ప్రస్తావనే లేదు. “రాయలేదు కదా, లేదనుకున్నాను మేడమ్” అన్నాడు. స్లైడ్లు తెప్పించి చూశాను. సన్నని నరం చుట్టూ క్యాన్సర్ కణాలు చుట్టుకుని ఉన్నాయి, ఒకచోట కాదు, చాలాచోట్ల. ఆ మాట చెప్పి, స్లైడ్లతో సహా సర్జన్ దగ్గరికి పంపాను.

అమెరికాలో పలు ఆస్పత్రుల వైద్యులు కలిసి 2017లో ప్రచురించిన ఒక స్కోరు ఉంది. ఇలా అనుకోకుండా బయటపడిన కేసుల్లో లోపల క్యాన్సర్ ఇంకా మిగిలి ఉందా, రోగి ఎంతకాలం బతకవచ్చు అన్నది అది అంచనా వేస్తుంది. అందుకు తీసుకునేవి నాలుగే: లోతు, కణాల తీరు ఎంత మారింది, రక్తనాళాల్లోకీ లింఫు నాళాల్లోకీ చేరిందా, నరాల చుట్టూ పాకిందా. నాలుగూ మొదటి పిత్తాశయంలోనే, మా స్లైడ్ల మీదే కనిపిస్తాయి. మొదటి ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య రెండోది జరిగినవాళ్లు ఎక్కువకాలం బతికారని ఆ బృందమే అదే ఏడాది చెప్పింది. అసంపూర్ణ రిపోర్టు చేతిలో పెట్టుకుని తిరిగే ఇంటివాళ్లకు ఆ వారాలు ఎంత తొందరగా కరిగిపోతాయో ఆలోచించండి.

ఇక ఆ శాతాల సంగతి. ఆపరేషన్ తర్వాత కేపసిటబిన్ అనే కీమో మాత్రలు ఇచ్చి చూసిన బ్రిటన్ అధ్యయనంలో 447 మంది ఉన్నారు. మాత్రలు వాడినవాళ్ల మధ్యస్థ జీవితకాలం 51 నెలలు, వాడనివాళ్లది 36 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువకాలం ఉన్నారని అర్థం. పైగా ఆ 447 మందిలో పిత్తాశయ క్యాన్సర్ ఉన్నవారు అయిదో వంతు కూడా లేరు, మిగతావన్నీ పైత్యనాళాల క్యాన్సర్లు. అలాంటి సంఖ్యను తెచ్చి మంచం మీద ఉన్న మనిషికి గడువులా వినిపించడం నాకు బాధ కలిగిస్తుంది. ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా మొదటి ఒకటి రెండేళ్లలోనే. ఆ కాలం క్షేమంగా గడిచినవాళ్లకు అంచనా మళ్లీ కొత్తగా వేయాలి, అది మొదటిదానికంటే మెరుగ్గా ఉంటుంది. ఈ మాట రోగులకు చెప్పేవాళ్లు తక్కువ.

సర్జన్లకు నా మనవి: మామూలు రాళ్ల కేసే అనిపించినా తీసిన పిత్తాశయాన్ని కోయకుండా పరీక్షకు పంపండి. తోటి పాథాలజిస్టులారా, లేనిదాన్ని కూడా ‘లేదు’ అని రాయండి, ఎన్ని గ్రంథులు చూశారో అంకె వేయండి. మీ పత్రికవారు ఈ విషయం మీద మళ్లీ రాసినప్పుడు, రోగి ఇంటివాళ్లు రిపోర్టులో వెతుక్కోవలసిన ఈ వివరాలను కూడా పక్కనే అచ్చువేయమని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాథాలజిస్టు