కంచు నాణేలను చిల్లరగా చూడకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

పొలం దున్నేటప్పుడో, పునాదులు తవ్వేటప్పుడో పాత నాణేలు బయటపడితే, పత్రికలు బంగారమెంత, వెండి ఎంత అని లెక్కగట్టి, రాగి, కంచు నాణేలను ఒక్క ముక్కలో సరిపెట్టేస్తున్నాయి. దీనివల్ల చరిత్రకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ చక్రవర్తులు అగస్టస్, తిబెరియస్‌ల వెండి దీనారాల గురించి మనవాళ్లకు కొంత తెలుసు. క్రీ.శ. 4వ శతాబ్దపు రోమన్ కంచు నాణేలు మాత్రం ఎక్కువగా తమిళనాడులోని కరూరు, మదురై ప్రాంతాల్లోను, శ్రీలంకలోను లభించాయి. శ్రీలంకలోనైతే వాటిని అనుకరిస్తూ స్థానికంగా కూడా నాణేలు తయారుచేసుకున్నారు.

ఆ నాణేల్లో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూడండి. ఒకవైపు ముత్యాల పట్టీ కట్టుకున్న చక్రవర్తి తల ఉంటుంది. ఆ ముఖంలో మనిషి పోలికల కన్నా పదవి దర్పమే ఎక్కువగా కనిపిస్తుంది. రెండోవైపు, గుర్రం మీంచి కూలిపోతున్న శత్రువును రోమన్ సైనికుడు ఈటెతో పొడుస్తుంటాడు. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలకు మంచిరోజులు తిరిగొచ్చాయని భావం. 348లో మొదలైన ఈ వరుస నాణెం పదేళ్లు తిరగకముందే సగం బరువుకు పడిపోయింది, అయినా బొమ్మ, నినాదం మాత్రం మారలేదు. ప్రజలకు ఏం చెప్పారో, వారి చేతికి ఏం ఇచ్చారో రెండూ ఒకే లోహపు ముక్కలో కనిపించే ఇలాంటి సాక్ష్యం బంగారు నాణేల్లో దొరకదని నా అభిప్రాయం.

బొమ్మ కింద ఉండే చిన్న అక్షరాలు అది అప్పటి సిరియాలోని అంతియోక్‌లో ముద్రించినదో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ముద్రించినదో చెబుతాయి. దొరికిన చోటు కూడా తెలిస్తేనే ఆ బొమ్మ ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. ఊరూ పేరూ లేకుండా, మట్టి కూడా వదలని రోమన్ నాణేలను ఇంటర్నెట్‌లో గుత్తగా అమ్ముతున్నారు. అవి కొన్నవారికి బొమ్మ దక్కుతుందే తప్ప దాని ప్రయాణం దక్కదు. ఇక చింతపండుతోనో, యాసిడ్‌తోనో తోమితే పచ్చని పొరతో పాటు అక్షరాలూ పోతాయి.

కాబట్టి లంకెబిందెల వార్త వేసిన ప్రతిసారీ, నాణేలను తోమకూడదనీ, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలనీ రెండు వాక్యాలు జోడించవలసిందిగా కోరుతున్నాను. మ్యూజియంలు కూడా కంచు నాణేలను రెండు వైపులా కనిపించేలా, పెద్ద ఫొటోలతో, దొరికిన ఊరి పేరుతో, తెలుగు వివరణతో ప్రదర్శించాలి.

ఇట్లు,
ఒక చరిత్ర విద్యార్థి, గుంటూరు